రాని ఫోనుకు చుక్కల పెట్ట

యాభై రెండేళ్ళ కాపురంలో తను ఆడిన అబద్ధం ఒక్కటంటే ఒక్కటి జ్ఞానమ్మకు దొరకలేదని జీవరాజుకి గట్టి ధీమా. కాలవ మీద ముప్పై నాలుగేళ్ళు లస్కరు పని చేసి, లాకు తలుపులు ఎత్తి దించిన చెయ్యి తనది. ఎంత నీరు ఎప్పుడు వదలాలో, ఎంత అబద్ధం ఎప్పుడు వదలాలో తనకి తెలిసినట్టు డెల్టా మొత్తంలో ఇంకొకరికి తెలియదని ఆయన చెప్పుకునే మాట. లాకు దగ్గర మొసలి తన భోజనం సంచీ లాక్కుపోయి, మూడో రోజు సంచీ మాత్రం ఉతికినట్టు తెచ్చి గట్టు మీద పెట్టిందంటే నమ్మిన మనిషి జ్ఞానమ్మ. సామర్లకోట స్టేషన్లో మెయిలు తన ఒక్కడి కోసం ఇరవై నిమిషాలు ఆగిందంటే, పాపం ఆ గార్డు గారెవరో మంచోరండీ అన్న మనిషి. అలాంటి మనిషికి ఇవాళ పొద్దున్న టీ గ్లాసుతో పాటు అందించిన అబద్ధం కూడా అంతే సాఫీగా దిగింది. దిగింది గనకనే ఇప్పుడీ చిక్కు. చర్చిలో మగవాళ్ళ వైపు మూడో బెంచీ చివర, చొక్కా జేబులో ఫోను గుండెకి ఆనించుకుని కూర్చున్నాడు జీవరాజు. ఎదురుగా మెట్ల కింద, కానుకల బల్ల కోడుకి కట్టేసిన చుక్కల పెట్ట మెడ పక్కకి వంచి ఒంటికన్నుతో ఆయన వంకే చూస్తోంది.

అలా చూడకే తల్లీ, నిన్నిక్కడికి తెచ్చింది నేను కాదు, నా నోరు, అనుకున్నాడు. నిజమే మరి. శుక్రవారం మధ్యాహ్నం నుంచి కోడలు కృపారాణి ఫోను మోగి మోగి ఆగిపోయేది, శనివారం నుంచి అసలు మోగడమే మానేసింది. ఇశ్రాయేలు దేశంలో, యొప్పే పక్కన సముద్రపుటూళ్ళో, సారా అనే ముసలావిడకి సేవ చేసే ఉద్యోగం కృపది. ఆ ఊరి మీద ఇరాను వాళ్ళ క్షిపణి పడిందని, ఎనిమిదంతస్తుల ఇల్లు ముందు సగం కూలిందని టీవీలో చూపించారు. చూపించిందే చూపించారు. వేలాడుతున్న పరుపు, గోడ లేని వంటిల్లు, ఆ వంటింట్లో పడకుండా మిగిలిన ఒక గిన్నె. అది కృప వాళ్ళ ఇల్లో కాదో ఎవరికి తెలుసు, అక్కడన్నీ ఒకేలాంటి ఇళ్ళు. కొడుకు శ్యాంబాబు నిన్న తెల్లారగానే రాజమండ్రి పోయి, కృపని పంపించిన ఏజెంటు గారి ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు. ఇక్కడ జ్ఞానమ్మ రెండు రోజులుగా మెతుకు ముట్టలేదు, నీళ్ళు కూడా మందు మింగినట్టు మింగుతోంది. డెబ్బై ఏళ్ళ మనిషి, ఇలా అయితే కోడలి కబురొచ్చే లోపల ఈవిడ కబురు చెప్పాల్సొస్తుందని భయం వేసింది జీవరాజుకి. అందుకని ఆరింటికి టీ కాచి, ఎదురుగా కూర్చుని, వదిలేశాడు. కృప ఫోను చేసింది, తెల్లారగట్ల నాలుగున్నరకి, నువ్వు పడుకున్నావని లేపలేదు. బాగానే ఉందట. అంతటితో ఆగితే ఆయన జీవరాజెలా అవుతాడు? వివరం లేని అబద్ధం ఉప్పు లేని పప్పు. సారమ్మ గారికి పంటి నొప్పట, లవంగం పెట్టిందట, మామిడికాయ పచ్చడి సీసా అడుగంటిందట, అత్తయ్య మోకాళ్ళెలా ఉన్నాయని అడిగిందట. జ్ఞానమ్మ ఆయన మొహంలోకి చూసింది. చాలాసేపే చూసింది. తర్వాత టీ తాగింది, రాత్రి మిగిలిన రొట్టె ఒకటి తింది, లేచి దొడ్లోకి పోయి, గూట్లోంచి తను ప్రాణంలా పెంచుకునే చుక్కల పెట్టని పట్టుకుని కాళ్ళు కట్టింది. దేనికే అంటే, దేవుడు మేలు చేశాడు కదండీ, కృతజ్ఞతార్పణ ఇవ్వొద్దా అంది.

ఇవ్వొద్దని ఎలా అంటాడు? చర్చి దాకా నాలుగు ఫర్లాంగులూ ఆ పెట్ట ఆవిడ చంకలో కొక్కొక్కో అంటూనే ఉంది, ప్రతి కొక్కు ఆయనకి ఈటెలా దిగింది. చెప్పేద్దామని కల్వర్టు దగ్గర ఒకసారి, పంపు దగ్గర ఒకసారి నోరు తెరిచాడు. ఆవిడ నడకలో రెండు రోజుల తర్వాత వచ్చిన ఆ కాస్త ఊపు చూసి మూసుకున్నాడు. ఇప్పుడు ఆ పెట్ట పేరు కానుకల చీటీ మీద ఎక్కింది. ప్రసంగం అయ్యాక, దీవెనకి ముందు, పాస్టరు ఎజ్రా అయ్యగారు చీటీలు చదువుతారు. ఫలానా వారి కోడలు యుద్ధంలో క్షేమంగా ఉన్నట్టు కబురు అందినందుకు అని మైకులో, మూడు వందల మంది వింటుండగా, దేవుడు కూడా వింటుండగా చదువుతారు. ఆ పిల్ల ఆ సమయానికి రాళ్ళ కింద ఉంటే? రేపో ఎల్లుండో ఆ కబురే వస్తే? బతికుందని పెట్టని ఇచ్చి స్తోత్రం చెప్పుకున్న జ్ఞానమ్మ ఇక జన్మలో ఈ గుమ్మం ఎక్కగలదా, తనకి అన్నం వడ్డించగలదా? చీటీ చదివే లోపల ఫోను రావాలి. రాకపోతే తను లేవాలి. లేచి ఏం చెప్పాలి?

అందరూ నిలబడ్డారు. జీవరాజు కూడా నిలబడ్డాడు. అందరితో కలిసి పాపాలు ఒప్పుకునే చోటు వచ్చింది. ఏళ్ళ తరబడి నాలుక దానంతటదే చెప్పుకుపోయే మాటలవి, ఇవాళ ఒక్కో మాటా చేపముల్లులా అడ్డం పడుతోంది. పక్కన బడి మాస్టారు గొంతెత్తి చెబుతున్నాడు, ఆయనకేం, ఆయన పాపాలు ఇంగ్లీషు మీడియం పాపాలు, చప్పుడు చెయ్యవు. జేబులో ఫోను ఒకసారి వణికినట్టయింది. చెయ్యి పెట్టి చూస్తే వణికింది ఫోను కాదు, గుండె. ఆడవాళ్ళ వైపు చూశాడు. కిటికీ పక్కన తెల్లచీర, తల మీద కొంగు, జ్ఞానమ్మ కళ్ళు మూసుకుని ఉంది, పెదవులు కదలడం లేదు. కాలవకి నీళ్ళొదిలిన వారం ఇది, కిటికీలోంచి కొత్తనీటి వాసన, తడిసిన నాచు వాసన, అవతల చేల్లో ఎవరో ట్రాక్టరుతో దమ్ము చేస్తున్న చప్పుడు. చప్పుడు విని నీళ్ళ లోతు చెప్పేవాడు తను ఉద్యోగంలో ఉండగా. వరద రోజుల్లో భద్రాచలం ఎంత, ధవళేశ్వరం ఎంత అని పైనుంచి కబురొచ్చేది. అక్కడ ఇన్ని అడుగులుంటే రేపు సాయంత్రానికి ఇక్కడ ఇంత అని లెక్క కట్టి, లంకల్లో వాళ్ళకి దండోరా వేయించేవారు, సామాను సర్దుకోండి, గొడ్లని గట్టెక్కించండి అని. ఎంత పెద్ద గోదారైనా మనిషికి ఒక పగలో ఒక రాత్రో వ్యవధి ఇచ్చి వస్తుంది. ఈ క్షిపణి పన్నెండు నిమిషాల్లో వస్తుందట. కృపే చెప్పింది, సైరను మోగాక మిగిలేది నిమిషమో నిమిషమున్నరో, సారమ్మ గారిని నాలుగో అంతస్తు నుంచి కిందకి దించాలి మావయ్యగారూ, చక్రాల కుర్చీ మెట్ల మీద దిగదు కదండీ, అందుకని వీపు మీద వేసుకుంటాను, బియ్యం బస్తా కంటే తేలికే, కాకపోతే బస్తా తిట్టదు, ఈవిడ దారి పొడుగునా తిడుతుంది అని.

కూర్చున్నారు. బైబిలు పాఠాలు చదువుతున్నారు. అష్కెలోను అనే పేరు చెవిన పడి జీవరాజు ఉలిక్కిపడ్డాడు. ఈ ఊళ్ళన్నీ తనకి ఎనిమిదేళ్ళ వయసు నుంచీ చుట్టాలు. సండే స్కూలు గది గోడకి గుడ్డ పటం ఒకటి ఉండేది, ఇప్పటికీ ఉంది, అంచులు పురుగు కొట్టేసి. దాని మీద బెత్తం పెట్టి మాస్టారు అడిగితే, యొప్పే, అష్కెలోను, గాజా, బెయేర్షెబా అని తడుముకోకుండా అప్పజెప్పి రంగు పెన్సిలు గెలిచిన వీరుడు జీవరాజు. ఆ పెన్సిలు అరిగిపోయేదాకా ఆ ఊళ్ళన్నీ తన సొంత ఊళ్ళే. ఇప్పుడు అవే పేర్లు టీవీలో, కింద ఎర్రపట్టీలో, పేరు పక్కన అంకె. యుద్ధం మొదలైన నాటి నుంచీ ఆయన రోజూ సాయంత్రం సండే స్కూలు గదికి వెళ్ళి ఆ పటంలోనే యుద్ధం చూస్తున్నాడు, టీవీ వాళ్ళ పటం ఆయనకి నచ్చదు, ఊరికే తిరుగుతుంది. ఇరాను ఎక్కడుందండీ అయ్యగారూ, పటంలో లేదు అంటే, పారసీకం అని చూడండి అన్నారు ఎజ్రా అయ్యగారు. చూస్తే పారసీకం ఉండాల్సిన చోట మేకు ఉంది. మేకు కొట్టిన చోటు నుంచి యొప్పే దాకా జాన పెట్టి కొలిచాడు, జానెడున్నర. జానెడున్నర దూరం నుంచి వచ్చి పడుతుందన్నమాట. మరి గాజాకీ యొప్పేకీ మధ్య బొటనవేలంత కూడా లేదు. ఆ బొటనవేలు అవతలే కదా పిల్లలు గిన్నెలు పట్టుకుని గంజి కోసం తోసుకునేది. చూడలేక టీవీ కట్టెయ్యబోతే జ్ఞానమ్మ వద్దంది, ఎవరి పిల్లలైతే ఏంటండి, మనం కట్టేస్తే వాళ్ళ కడుపు నిండుద్దా అంది. చర్చి పెద్దలొకరు మనోళ్ళు గెలవాలని ప్రార్థన చెయ్యమంటే, మనోళ్ళంటే ఎవరండీ, మనకక్కడ ఉన్నది కృప ఒక్కతే కదా అంది, ఆ పెద్దాయన మళ్ళీ ఆవిడ జోలికి రాలేదు. జీవరాజుకి ఆ ప్రార్థన కొత్తది కాదు. వరదొచ్చిన ప్రతిసారీ ఈ గట్టు మీద వాళ్ళు రాత్రంతా లాంతర్లు పట్టుకుని ఆ గట్టు తెగాలని మొక్కుకుంటారు, ఆ గట్టు తెగితే ఈ గట్టు నిలుస్తుంది కదా. ఆ గట్టు మీద కూడా లాంతర్లుంటాయి, వాళ్ళు మొక్కేది ఈ గట్టు తెగాలని. మధ్యలో పడవలో తిరిగే లస్కరుకి రెండు వైపుల లాంతర్లూ కనిపిస్తాయి, ఒకే వెలుతురు. ఏ గట్టు తెగినా తెల్లారి శవాలు తియ్యడానికి తనే పోవాలి.

శవం అన్న మాట తలలోకి రాగానే జీవరాజు దాన్ని తరిమాడు. అది పోకుండా పల్లంరాజు పెట్టె తెచ్చింది. పక్కూరు కుర్రాడు పల్లంరాజు, ఆ దేశంలోనే ఉత్తరాన తోటల్లో పళ్ళు కొయ్యడానికి వెళ్ళి, కోస్తుండగానే రాకెట్టు పడి పోయాడు, పోయినేడాది పెట్టె వచ్చింది. చూడ్డానికి వెళ్ళిన వాళ్ళలో తనూ ఉన్నాడు. పెట్టె తెరవకూడదన్నారు. పల్లంరాజు తల్లి పెట్టె మీద వేళ్ళతో మెల్లిగా కొట్టింది, తలుపు కొట్టినట్టు, లోపల వాడు పడుకున్నాడేమో అన్నట్టు. ఆ టక్ టక్ మనే చప్పుడు. వద్దు. కృప నవ్వు గుర్తు తెచ్చుకో. శ్యాంబాబు కొబ్బరి దింపు తీస్తూ జారి నడుం విరగ్గొట్టుకుంటే, మంచం పక్కన కూర్చుని, మావయ్యగారూ, ఈయన చెట్టు దిగాడు, ఇక నేను విమానం ఎక్కుతాను అని నవ్వింది. తన కథలకి ఈ ఇంట్లో మొదటిసారి ఎదురు ప్రశ్న వేసిన మనిషి. మొసలి సంచీ ఉతికితే సబ్బు ఎక్కడిదండీ అనడిగింది కాపురానికొచ్చిన మూడో రోజునే. అక్కడికెళ్ళాక కూడా ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ఫోనులో, మావయ్యగారూ, సారమ్మ గారు అడుగుతున్నారు, ఈ వారం కథేంటి అంటుంది. తను మైకు బొమ్మ నొక్కి చెప్పడం, ఆ పిల్ల దాన్ని వాళ్ళ భాషలోకి తిప్పడం. ఎనభై తొమ్మిదేళ్ళ సారమ్మ తీర్పు సాయంత్రానికి వచ్చేది. అబద్ధం, కానీ ఇంకోటి చెప్పమను. గోదావరి అబద్ధాలు సముద్రం దాటి పరభాషలో పొర్లుతున్నాయంటే జీవరాజు పొంగిపోయి, ఆ వారమంతా లాకు దగ్గర కుర్చీ వేసుకుని వచ్చిపోయే వాళ్ళకి చెప్పేవాడు, నాకు ఎగుమతి లైసెన్సుంది అని. ఇవాళ ఆదివారం. చర్చి అయిపోవస్తోంది. ఈ వారం కథేంటి మావయ్యగారూ. ఈ వారం కథ ఇదమ్మా, నువ్వు నాలుగున్నరకి ఫోను చేశావు. నిజం చెయ్యవే తల్లీ, నా పరువు కాదు, మీ అత్త ప్రాణం.

ప్రసంగం ఎప్పుడు మొదలైందో ఎప్పుడు అయిందో తెలియలేదు. ఎప్పుడూ గంట సాగదీసే అయ్యగారు ఇవాళ్టికే ఎందుకు తొందరపడ్డారో. కానుక సంచులు తిరిగాయి, పాట పాడారు, కీబోర్డు కుర్రాడు అనవసరంగా ఇంకో చరణం వాయించాడు, వాడి చేతులు చల్లగుండ. సెక్రటరీ గారు చీటీల కట్ట అందించాడు. పుట్టినరోజు ఒకటి, గృహప్రవేశం ఒకటి, ఆపరేషను కుట్లు మానినందుకు అరటి గెల. జీవరాజు మోకాళ్ళు ఆయన్నడక్కుండానే లేచాయి. జ్ఞానమ్మ గారి కుటుంబం, చుక్కల పెట్ట, అని అయ్యగారు చదవడం, పెట్ట తన పేరు విన్నట్టు కొక్కోమనడం, అయ్యగారూ అది చదవకండి అని తన గొంతు మైకు లేకుండానే చర్చి చివరిదాకా పోవడం, మూడూ ఒక్కసారే జరిగాయి.

ఎజ్రా అయ్యగారు కళ్ళద్దాల మీంచి చూశారు. "ఏంటండి జీవరాజు గారూ?"

"ఫోను రాలేదండి. మా కోడలు ఫోను చెయ్యలేదు. పొద్దున్న మా ఆవిడకి నేను చెప్పింది ఉత్త కోతండి. పిల్ల ఎలా ఉందో మాకు తెలీదండి."

జీవరాజు ఆడవాళ్ళ వైపు చూడలేదు, చూస్తే కూలిపోతానని తెలుసు. అటునుంచి మాట వచ్చింది, పెరట్లో కూరలమ్మే మనిషితో మాట్లాడినంత మామూలుగా.

"చదవండయ్యగారూ. నాకు తెలుసండి."

"ఏం తెలుసమ్మా?"

"నాలుగున్నరకి ఫోనొచ్చిందన్నారండి ఈయన. నాలుగున్నరకి ఆ ఫోను బ్యాటరీ అయిపోయి నా తలగడ కింద ఉందండి. అయిదున్నరకి చార్జింగు పెట్టిందే నేను. నేను తినట్లేదని బెంగపడి అన్నారులెండి. అందుకే ఆ రొట్టె తిన్నాను."

అయ్యగారు చీటీ వంకా, పెట్ట వంకా, మళ్ళీ చీటీ వంకా చూశారు. "మరి తెలిసి కృతజ్ఞతార్పణ ఇచ్చారేంటమ్మా?"

"మేలు జరిగాక ఎవరైనా ఇస్తారండయ్యగారూ. ముందే ఇచ్చేశామనుకోండి, దేవుడికి మొహమాటం ఉంటది కదండీ."

ముందు నవ్వింది బడి మాస్టారు. తర్వాత ఎవరు నవ్వారో చెప్పడం కష్టం. సెక్రటరీ గారు మాత్రం నవ్వకుండా, రిజిస్టరులో పొందిన మేలుకని ఉంది గానీ పొందబోయే మేలుకని లేదండీ అని గొణిగాడు. వెనక వరసలోంచి లోవలక్ష్మి లేచింది. కొడుకు కువైట్లో డ్రైవరు, అక్కడి ఆకాశంలో కూడా ఏవేవో ఎగురుతున్నాయని నెల నుంచీ నిద్ర లేదు ఆవిడకి. "మా వాడి పేరు కూడా రాసుకోండయ్యగారూ, కోడిని సాయంత్రం తెస్తాను" అంది. అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు, పెట్టుకున్నారు, చీటీ ఉన్నదున్నట్టు చదివి, కింద ఇంకో పేరు కలిపి, ఆమేన్ అన్నారు. చర్చంతా ఆమేన్ అంది, ఇదివరకెప్పుడూ అననంత గట్టిగా.

జీవరాజు కూర్చున్నాడు. కూర్చుంటే ఒళ్ళు ఇంత తేలికగా ఉంటుందని మర్చిపోయాడు. సిగ్గుపడాలి కదా, పడదామని చూశాడు, రాలేదు, నవ్వొచ్చింది. దొరికిపోయాను. ఇవాళ దొరికానా? ఈ మనిషి అలా చూసి టీ తాగిందంటే, అలా చూసి ఎన్నిసార్లు టీ తాగి ఉంటుంది? యాభై రెండేళ్ళ అబద్ధాలు ఒకదాని వెనక ఒకటి కాలవలో గుర్రపుడెక్క తేలొచ్చినట్టు తేలొచ్చాయి. మొసలి తెలుసు. రైలు తెలుసు. గార్డు గారు మంచోరండీ అన్నప్పుడు ఆవిడ మూతి ఒక పక్కకి పోయింది, అది నవ్వు ఆపుకోవడమా? సైకిలు పోయిందని చెప్పి చుట్టాల పెళ్ళి ఎగ్గొట్టింది తెలుసు. షుగరు పరీక్ష చేయించుకున్నానన్నది తెలుసు, అందుకేనా ఆ నెలంతా టీలో పంచదార తగ్గింది! ఒక్కటీ నిలవలేదన్నమాట. తను లాకు తలుపులు గట్టిగా బిగించాననుకుంటూ ఉంటే కింద నుంచి అన్నేళ్ళ నీరూ ఆవిడ చేలోకి పారుతూనే ఉంది. ఇక మీదట ఎవరైనా అడిగితే చెప్పాలి, యాభై రెండేళ్ళలో మా ఆవిడకి దొరకని అబద్ధం నేను ఒక్కటీ ఆడలేదు అని. ఇది పాతదానికంటే పెద్ద గొప్ప.

దీవెనకి లేచి తలొంచినప్పుడు జేబు వణికింది. ఈసారి గుండె కాదు. గుండె అయితే ఆగింది. మళ్ళీ వణికింది. రెండు. జీవరాజు చెయ్యి జేబు దాకా పోయి అక్కడే ఉండిపోయింది. శ్యాంబాబు అయితే? మెట్ల మీద కూర్చున్నవాడికి లోపల్నుంచి పిలుపొచ్చి ఉంటే? తీయకుండా ఉన్నంతసేపూ ఆ పిల్ల బతికే ఉంటుంది. చెప్పులు కూడా వేసుకోకుండా వరండాలోకి నడిచాడు. గచ్చు కాలింది. వెనకే జ్ఞానమ్మ వచ్చింది, మోకాళ్ళ నొప్పి మనిషి అంత వేగంగా ఎలా వచ్చిందో. ఇలా ఇవ్వండి అని ఫోను లాక్కుంది, తనకి నొక్కడం రాక మళ్ళీ ఆయన చేతిలోనే పెట్టింది. తెర మీద ఎవరిదో తెలియని నంబరు, విదేశపుది, రెండు వాయిస్ మెసేజీలు. నొక్కాడు.

"మావయ్యగారూ, నేనండి, కృపని. బాగానే ఉన్నానండి."

జ్ఞానమ్మ వరండా స్తంభం పట్టుకుంది. మిగతాది ఇద్దరూ ఒకే చెవితో విన్నట్టు విన్నారు. సైరను మోగగానే సారమ్మ గారిని వీపున వేసుకుని దిగిందట, ఫోను పైనే ఉండిపోయింది. వాళ్ళు నేల కింది గదిలో ఉండగానే పైన పడింది. ముప్పై మంది, దీపం లేదు, తలుపు ముందు కూలిన గోడల పెళ్ళలు. బయటికి తియ్యడానికి పద్దెనిమిది గంటలు పట్టిందట. ఇప్పుడు ఒక స్కూల్లో ఉంచారు, పడుకోడానికి పరుపులిచ్చారు, నిన్నంతా అడగడానికి ఫోను దొరకలేదట, ఇది పక్క పరుపు మీది అమ్మాయిది. ఏడవకండి అత్తయ్యగారూ, నాకు తెలుసు మీరు ఏడుస్తున్నారు. అంటున్నప్పుడు ఆ పిల్లదీ ఏడుపే. జీవరాజు రెండోది నొక్కాడు. గొంతు కాస్త తగ్గింది.

"లోపల పిల్లలు ఏడుస్తున్నారని సారమ్మ గారు నన్ను కథ చెప్పమన్నారండి. మీ ఎనభై ఆరు వరద కథే చెప్పాను. గడ్డిమేటుకి వాళ్ళ మాట తెలీక ఎండుగడ్డి ఇల్లు అన్నాను. మీరూ అత్తయ్యగారూ గడ్డిమేటెక్కి రాత్రంతా గోదాట్లో కొట్టుకుపోవడం, మేక, తాచుపాము, పాము మేకకి చోటిచ్చి పక్కకి జరగడం, అన్నీ చెప్పాను. పాము దగ్గర అందరూ నవ్వారండి. ఒక పెద్దాయన మాత్రం నవ్వలేదు. వాళ్ళావిడ రెండో అంతస్తులో ఉండిపోయిందండి, మెట్ల మీద ఆయన చేతిలోంచి ఆవిడ చెయ్యి జారిందట. ఇంకా వెతుకుతున్నారు. ఆయన పొద్దున్న నా దగ్గరికొచ్చి అడిగాడు. అత్తగారు నీళ్ళలో పడితే మావగారు జడ పట్టుకు లాగాడన్నావు కదా, ఆ చీకట్లో, ఆ వడిలో, చెయ్యి నిజంగా అందిందా, లేకపోతే కథ కోసం చెప్పాడా అని. ఏం చెప్పమంటారు మావయ్యగారూ? ఈ ఒక్కసారి నిజం చెప్పండి."

లోపల దీవెన పాట మొదలైంది. జీవరాజు జ్ఞానమ్మ వంక చూశాడు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, చెప్పండి మరి, అన్నట్టు గడ్డం ఎత్తింది. ఆయన మైకు బొమ్మ మీద వేలు పెట్టి ఫోను నోటి దగ్గరకి తెచ్చుకున్నాడు.

"అమ్మా కృపా, ఆ పెద్దాయనకి చెప్పు. గడ్డిమేటు నిజం. మేక నిజం. పాము కూడా నిజమే, నా మీద ఒట్టు. చీకటే, వడే, అయినా చెయ్యి అందింది. అందింది గనకే ఇవాళ నేను మాట్లాడుతున్నాను. నేను కల్పించింది ఒక్కటేనమ్మా. నీళ్ళలో పడింది మీ అత్తగారు కాదు, నేను. లాగింది ఆవిడ. జడ పట్టుకుని కాదు, జుట్టు పట్టుకుని. అప్పట్లో నాకు జుట్టుండేది."